కన్నడమనుకొని

హలో… ఆ, నేనే అక్కా, గుణను. చెప్పు… రిపేరు అంగడిలోనే ఉన్నాను, బస్టాండు గోల వినబడతా లేదా?… లాప్‌టాప్ చేరిందా? కండక్టర్ శక్తివేల్ కాడ ఇచ్చి పంపితిని. పాపారపట్టిలో భద్రంగా దించినాడా?… ఎట్లుంది? నిజం చెప్పు.

…చూస్తివా! నీ విండోస్ తెరుచుకునే లోపల కాఫీ కాచుకొని తాగేయొచ్చు. దాన్ని తీసేసి నేను వేసిన ఈ లినక్స్ టక్కున వస్తుంది… ఏయ్, ఫోన్ మాదిరి కనబడక ఏం చేస్తుంది? ఫోన్ల కోసమని చేసిన లినక్సే అది. నీ లాప్‌టాప్‌లో ఉండేది కూడా ఫోన్లో ఉండే రకం చిప్పే, ఆర్మ్ అంటారు. అందుకే ధైర్యంగా వేసినాను. ధర్మపురిలో ఇంకెవడన్నా చేస్తాడేమో అడిగి చూడు, నీ తమ్ముడు తప్ప!… నువ్వు పొగడవు, నేనన్నా పొగుడుకోవద్దా?

…ఏమి, సౌండ్ రాలేదా?… అంతేనా! ఏమో అని భయపడితిని. స్పీకర్ ఇంకా దాంట్లో పని చెయ్యదు. నీ కూతురు నందిత బ్లూటూత్ హెడ్‌ఫోన్ తగిలించు, వస్తుంది… అమ్మ వినాలని సైగ చేస్తా ఉందా? ఏం వింటుంది?… ఏం రికార్డింగ్?

…అమ్మ గొంతా?… ఆపరేషన్‌కి ముందు తీసిందా? అమ్మకు మాట పోయి ఇన్నాళ్ళయింది, నాకొక మాట చెప్పలేదే!… సరి, సరి, ఏడవద్దు. ఎక్కడికి పోతుంది? నీవన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసి పెట్టి, మళ్ళీ దాంట్లోనే వేసినాను. నందిత ఫోటోలు ఉన్నాయి కదా? బావ బిల్లులు?… అట్లయితే అదీ ఉంటుంది. ఫోల్డర్ పేరు తమిళంలో రాసినావా, ఇంగ్లీషులోనా?

…ఏమన్నావు?

…తెలుగులోనా.

నువ్వెప్పుడు నేర్చుకుంటివి తెలుగు రాసేకి?… ఫోన్లో చూసి, నీ అంతట నువ్వే…

ఉండక్కా. ఉండు, ఉండు. గుండ్రం గుండ్రంగా ఉండే అక్షరాలా?…

…అక్కా, దాన్ని నేను చూసినాను. కన్నడమనుకొంటిని. బావ దాన్ని బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కొనింది కదా, పాత ఓనర్ వదిలిపెట్టిన చెత్తకుప్ప అనుకొని… పెన్‌డ్రైవ్‌లోకి తీయలే. తమిళం, ఇంగ్లీషు పేర్లుండేవి మాత్రం తీసినాను. తక్కినదంతా తుడిచేసి లినక్స్ వేసినాను.

…లేదు, తెరిచి చూడలే. ఒక నొక్కు నొక్కింటే తెలిసిపోయేది. చూడలే.

…తిట్టు. తిట్టక్కా…

…రాదు. మళ్ళీ తీసేకి కాదు. దినమూ జనానికి నేను చెప్పే మాటే, ఈ మాదిరి డిస్క్ తుడిస్తే పోయింది పోయినట్లే అని. వాళ్ళు ఏడుస్తా ఉంటే నేను పక్కవాని ఫోన్ చేతికి తీసుకుంటాను… నీ ఫోన్లో?… జాగా లేదని అక్కడ తీసేసినావా. నీ తప్పేముంది దాంట్లో?

సిగ్గయితా ఉందక్కా. ఇంట్లో తమిళం మాట్లాడితే అమ్మ ఎంత కోప్పడేది! పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడతా ఉన్నాను, బడిలో చదివింది మాత్రం తమిళం. దాని అక్షరాలు కండ్ల ముందర ఉంటే, ఎవరివో అనుకొంటిని. అంగడికి వచ్చేవాళ్ళకేమో నేను పెద్ద ఇంజనీరు.

…ఏం పాడింది దాంట్లో?… నలుగు పాటలా? ఎవరి పెండ్లికి?

…నా పెండ్లికా.

తై నెలలో, సంక్రాంతి అయినంక, నాకు నలుగు పెట్టేటప్పుడు వినిపించాలని… గొంతు పోతుందని డాక్టర్ చెప్పినంక, ఆపరేషన్ ముందు దినం కూర్చొని పాడిందా… అన్ని పాటలూ?…

ఫోల్డర్ మీద ఏమని రాస్తివి? పాటలు అనా, అమ్మ అనా?… చెప్పు, పరవాల్లే.

…నా పేరా.

గుణ అనే రాస్తివా. అంతేనా. నా పేరే…

…ఆ శబ్దమా? షట్టర్ దించుతా ఉన్నాను. అందరూ చూస్తా ఉన్నారు.

అమ్మకు చెప్పొద్దు, నేనే వచ్చి చెప్తాను… ఏమి? పక్కనే ఉందా?… ఫోన్ స్పీకర్‌లో పెట్టింటివా!… అయితే అంతా వినేసింది.

…ఫోన్ అమ్మ చేతికియ్యి. నువ్వు కొంచెం పక్కకు పో అక్కా.

అమ్మా… నేను. నీకు మాట రాదని తెలుసు, ఊరికే విను. నీ పాటలు నేనే పోగొట్టినాను. నా పిల్లోడు ఎంత తెలివిగలవాడో అని నువ్వు అనుకోవాల, దానికే ఇంత చేసింది. నా పేరు నేనే చదవలేకపోయినానమ్మా… ఇప్పుడు తిట్టాలన్నా నీకు గొంతు లేదు.

…అమ్మా? వింటా ఉన్నావా?… ఫోన్ మీద వేలితో ఒక తూరి తట్టు, చాలు…

…నువ్వేనా ఉండేది, లైన్ కట్ అయిందా?… అమ్మా… హలో?…

హలో?…