హిరోషిమా రుచి

హవాయి దీవుల్లోని హిలోలో కొత్త సంవత్సరం పొద్దున్న, కిటికీ అవతల సన్నటి వాన. అమ్మ పోయాక వచ్చిన మొదటి కొత్త సంవత్సరం. మోచీ అనే జపాను బియ్యపు ముద్దలు తేలుతున్న చారు గిన్నె తండ్రి ముందు పెట్టింది కూతురు.

"ఎలా ఉంది నాన్నా?"

"ఉండు, మాట్లాడించకు. ఈ ఆవిరిలో మీ అమ్మ కనిపిస్తోంది."

"ఏం చేస్తోంది?"

"నా వంక చూడకుండా గరిటె తిప్పుతోంది. అబ్బ, అచ్చం మా హిరోషిమా చారే!"

"నిజంగానా?"

"మరి? నవంబరులో మీ అమెరికా థాంక్స్‌గివింగ్ పండక్కి వండే టర్కీ కోడిలా గడ్డి నమిలినట్టుంటుందా?"

"ఒక్క ముక్కైనా తిని చూస్తేగా నువ్వు!"

"నలభై ఏళ్ల పంతం నాది. చచ్చినా ముట్టను."

"సరేలే. ఇంకో మోచీ వెయ్యనా?"

"వెయ్యి. ఈసారి ఎముకలు నువ్వే దాచావా?"

"ఏ... ఏ ఎముకలు?"

"టర్కీవి. ఆ థాంక్స్‌గివింగ్ అవగానే గుడ్డలో చుట్టి, ఫ్రీజర్‌లో చేపల కింద పెట్టేది మీ అమ్మ. ఈ చారు కోసమే. నాకు తెలీదనుకునేది, పిచ్చిది."

"తెలిసీ ఇన్నేళ్లూ నోరు మెదపలేదా?"

"చెబితే మానేసేది కదమ్మా."