ఓబులమ్మ పెరట్లో కపిల రాయి

ఓబులమ్మ అని ఒకామె ఉండెనంట. ఆమె మొగుడు చెన్నప్ప కపిల తోలేటోడు. కపిలంటే ఇప్పుటి పిల్లోళ్లకు యాడ తెలుస్తాది! ఎద్దులు వాలులో కిందికి దిగితే బావిలోంచి తోలు బాన పైకొచ్చి రాతి మింద బుళుక్కున నీళ్లు కుమ్మరిస్తాది, మళ్లా ఎద్దులు ఎనక్కి నడిస్తే బాన లోపలికి పోతాది. నలబై ఏండ్లు ఆ సప్పుడులోనే బతికినాడనుకో చెన్నప్ప. ఏమైందంటే, ఒక కరువులో బావి ఎండె, ఎద్దులు పాయె, ఆ ఎనకే ఆయన కండ్లూ పాయె. ఇంగ పెరట్లో మల్లెపాదు పక్కన మంచమేసుకోని గోడ తట్టు తిరిగి పండుకున్యాడు. మాట ల్యా, సంగటి ముద్ద ముట్టల్యా. ఏం కావాలయ్యా నీకు అని ఓబులమ్మ ఏడిస్తే, "నీళ్ల సప్పుడు లేని చోట ముద్ద దిగదే" అనె, అంతే. ఇంగ మనిషి దక్కడనుకునె ఆమె.

అట్లయితే నీళ్లే పెరట్లోకి తెస్తా అనుకోని, రాళ్లు కొట్టే తిరుమలప్ప కాడికి పోయిందంట. ఆయప్ప తామరపూల తొట్టి చూపించె, ఏనుగు తొండంలోంచి నీళ్లు పడే రాయి చూపించె. ఈమె కండ్లు మూసుకోని ఒక్కోదాని మింద చెంబుడు నీళ్లు పోసి ఇంటాంది. "కండ్లు తెరిచి చూడు తల్లీ, ఎంత బాగా చెక్కినానో!" అంటే, "చూసేటాయన కాదప్పా, ఇనేటాయన" అనింది. ఆఖరికి మూలన మట్టిలో పడుండిన ఒక మోటు బండ మింద పోసి, అట్లే నిలబడిపాయె. ఏందనుకుంటిరి? ఎండిన బావి గట్టున ఉండిన కపిల రాయే! నీళ్లు పడీ పడీ నడుమ గుంత పడుండాది. "మెట్లకు పగలగొడదామని తెస్తి, ఊరికే తీసకపోమ్మా" అనె తిరుమలప్ప.

తెచ్చి మల్లెపాదు కాడ నాటిచ్చి, కింద ఒక తొట్టి పెట్టి, శివుని మింద కట్టినట్టు పైన చిల్లికుండ కట్టె. బొట్టు బొట్టు పడతాంది. ఒగనాడు ల్యా, రెన్నాళ్లు ల్యా, చెన్నప్ప తిరగనే ల్యా. తాగే నీళ్లు రాతికి పోస్తాంది, దీనికి మతి పాయె అని ఈదంతా నవ్వె. మూడోనాడు ఆమెకు తిక్క రేగి, నిండుకడవ ఎత్తి ఒక్కసారిగా ఆ రాతి మింద కుమ్మరిచ్చె. బుళుక్! ముసలాయన కాలేలు కదిలింది. ఓబులమ్మకు తెలిసిపాయె. ఎద్దులు ఎనక్కి నడిచేంత సేపు ఆగె. కింద తొట్లో పడిన నీళ్లే ముంచి మళ్లా పోసె. మళ్లా ఆగె, మళ్లా పోసె. అప్పుడు లేసి కూసున్యాడయ్యా చెన్నప్ప! చేతులు గాలిలో మోకు పట్టినట్టు పట్టి, "ఎనక్కి రాండి నాయనా, ఎనక్కీ..." అని రాగమెత్తె. ఇనండి, ఈదిలో పోతాండే బండెద్దులు, ఎవురివో ఏమో, బండితో సహా ఎనక్కి నడిచినాయంట! నవ్విన జనమంతా చేతులెత్తి మొక్కిరి. చెన్నప్ప మాత్రం, "ఓబీ, ఎద్దులకు మేతేసినావా? నాకూ ఇంత సంగటి పెట్టు" అన్యాడు.

మళ్లా పదేండ్లు బతికినాడంట. పొద్దున్నే ఆమె కడవ పోయాల, ఆయన ముద్ద ముట్టాల. ఆ రాయి ఇప్పుటికీ ఉండాది. నవ్వబాకండి, నేనూ పోయి ఒక కడవ పోసి చూసినా. ఊర్లో ఎద్దులు యాడుండాయి? ఈదిలో ట్రాక్టరు ఉన్నట్టే ఉండె. నా కాళ్లు మాత్రం, ఒట్టు, రెండడుగులు ఎనక్కి పడె.