మున్నేటి వరదలో ఏడు నిమిషాలు

1971వ సంవత్సరం జూలై పన్నెండవ తేదీన నందిగామ వైర్‌లెస్ కేంద్రంలో ఆపరేటరుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ గద్దల ప్రేమానందం గారు, పదిహేడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ జూలై 31న పదవీ విరమణ చేస్తున్నారు. సైన్యంలోని సిగ్నల్ విభాగంలో పనిచేసి వచ్చిన వ్యక్తి గనుక వారికి భయమనేది తెలియదని అందరూ భావించేవారు. అది నిజం కాదని మొట్టమొదట చెప్పినవారు వారే.

నందిగామలో వారి దినచర్య బ్యాటరీలతో ఆరంభమయ్యేది. ఆమ్లం మట్టం చూసి, తగ్గినచోట శుద్ధజలం పోసి, ఛార్జింగుకు పెట్టి, పిమ్మట సెట్టు ముందు కూర్చుని ఒక్కొక్క కేంద్రాన్ని పేరుపేరునా పిలిచి పలకరించేవారు. మీట నొక్కి మనం మాట్లాడుతున్నంతసేపూ అవతలివారి మాట మనకు వినబడదు. అందుచేత "తక్కువ మాట్లాడండి, ఎక్కువ వినండి" అని కొత్తవారికి పదేపదే బోధించేవారు. 1973లో ఒక పిడుగు ఏరియల్ తీగ వెంట దిగివచ్చి సెట్టును దగ్ధం చేయగా, దాని ముందున్న సహోద్యోగి శ్రీ జ్ఞానయ్య గారికి కుడి చెవి శాశ్వతంగా పోయింది. పక్క బల్ల వద్ద కూర్చుని ఆ దృశ్యాన్ని కళ్లారా చూసిన ప్రేమానందం గారికి నాటినుండి మబ్బు కమ్మితే చాలు, అరచేతులు చెమర్చేవి.

1976లో జగ్గయ్యపేటకు బదిలీ అయ్యారు. మున్నేటికి ఎగువనున్న కేంద్రం మాట దిగువన ఏటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలుకు నేరుగా అందదు. ఎగువ వార్తను జగ్గయ్యపేటలో విని, తిరిగి పెనుగంచిప్రోలుకు చెప్పాలి. 1978 ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన మొదలైంది. ఈదురుగాలికి ఫోను తీగలు ఉదయమే తెగిపోయాయి. రెండూ పదికి కిటికీ బయట మెరుపు మెరవగానే వారు ఏరియల్ పీకివేసి, గోడకు ఆనుకుని నిలుచుండిపోయారు. పిడుగుల వేళ ఏరియల్ తీసివేయాలనే నిబంధన కూడా చెబుతుంది. అయినా మనసు నిలవక, రెండూ పదిహేడుకు తిరిగి తగిలించారు.

"ఎక్కడికి పోయావయ్యా? ఇందాకట్నించీ పిలుస్తున్నాం! ఏరు విరుచుకుపడతంది, గంటన్నరలో పెనుగంచిప్రోలుకొస్తది, ఓవర్!" అని ఎగువ కేంద్రం అరిచింది.

ఇంటి కప్పు మీదే పడుతున్నట్లు ఉరుములు. ఈసారి వారు ఏరియల్ తీయలేదు. పెనుగంచిప్రోలు ఆపరేటరు శ్రీ సాంబయ్య గారిని పిలిచి వార్త చెప్పారు.

"మిరప నారు నాటేవాళ్లు ఏటి అవతల దిబ్బ మీదున్నారండీ, నలభై మంది పైనే..." అన్న మాట సగంలోనే తెగింది.

ఆ తరువాత గరగర శబ్దం తప్ప మరేమీ లేదు. తాను చెప్పినది పూర్తిగా అందిందో లేదో తెలియదు. అన్నం క్యారేజీతో వచ్చిన వారి ధర్మపత్ని శ్రీమతి ఆరోగ్యమ్మ గారు, "ఒక్క ముద్దన్నా తినండి" అని బతిమాలినా తల తిప్పలేదు. "ఆ ఏడు నిమిషాలూ నేనే మింగేశానేమో, ఆరోగ్యం" అని మాత్రం అన్నారు. ఆమె అక్కడే నేలమీద కూర్చున్నారు. రెండున్నర గంటలపాటు ఇద్దరూ ఆ శబ్దాన్నే విన్నారు.

ఐదు గంటలు కావస్తుండగా సాంబయ్య గారి గొంతు వినిపించింది. బ్యాటరీ చచ్చిపోగా, ఆయన ముందు ఏటికి పరుగెత్తి, తిరిగి వచ్చాక ఊళ్లోని వీరరాఘవయ్య గారి ట్రాక్టరు బ్యాటరీ విప్పించి తెచ్చి తగిలించారు. "నలభై ఒక్క మంది ఇవతలకొచ్చారండీ. బసవయ్య ఒక్కడే ఎడ్ల కోసం వెనక్కిపోయాడు. రాలా. ఓవర్."

మరునాడు రోజువారీ వివరాలు నమోదు చేసే లాగ్ పుస్తకంలో "2.10 నుండి 2.17 వరకు భయపడి ఏరియల్ తీసివేసితిని" అని వ్రాశారు.

"నిబంధన ప్రకారం తీశానని రాయవయ్యా. నిన్నెవరూ అనరు" అన్నారు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు.

"అప్పుడు నాకు నిబంధన గుర్తులేదండీ. భయమేసి తీసా."

ఆ వాక్యం అలాగే ఉండిపోయింది. వారం తరువాత బసవయ్య గారి భార్య సౌభాగ్యమ్మ గారి ఎదుట కూడా అదే మాట చెప్పి తలవంచుకున్నారు. ఆమె "ఎవరూ రాలేదయ్యా నాకీ మాట చెప్పడానికి. నువ్వొచ్చావు" అన్నారట. ఆమె క్షమించారో లేదో వారికి నేటికీ తెలియదు.

అనంతర దశాబ్దమంతా ఆ భయమే వారిచేత పనిచేయించింది. ప్రతి స్తంభానికీ పిడుగును భూమిలోకి దింపే రాగితీగ, ప్రతి సెట్టు పక్కన నిండుగా ఛార్జి చేసిన రెండవ బ్యాటరీ ఉండేవరకు అర్జీలు పెడుతూనే వచ్చారు. 1984లో తిరిగి నందిగామకు వచ్చి, చందర్లపాడు వరకు ప్రతి కేంద్రాన్నీ సైకిలుపై స్వయంగా తనిఖీ చేశారు.

శ్రీ ప్రేమానందం గారు, శ్రీమతి ఆరోగ్యమ్మ గారు చిల్లకల్లులోని స్వగృహంలో ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఏ పిలుపు కోసమూ చెవి ఒగ్గి ఉండనక్కరలేని నిండు నిద్ర ఇకనైనా వారికి లభించాలనీ మా కార్యాలయ కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది.