ఆదివారం నాలుగింటి గది

తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను నీకు, తొమ్మిదిసార్లు. మోగీ మోగీ దానంతటదే ఆగిపోతుంది. మనిషన్నాక ఒక్కసారైనా ఎత్తి బతికే ఉన్నాను అనొద్దూ? సగం రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చాను. వస్తే నువ్వేమో 'రండి, కూర్చోండి' అంటావు. ఎనిమిది నెలలు అక్కా అక్కా అని నా వెనకే తిరిగినదానివి, ఇవాళ నేను నీకు 'రండి' అయిపోయానా?

సరేలే, మిషన్ ఆపకు. ఆ చొక్కాలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి కాబోలు. నువ్వు కుడుతూ ఉండు, నేను వాగుతూ ఉంటాను. పొద్దస్తమానం బస్టాండు విచారణ కౌంటర్లో కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జవాబు చెప్పే నోరిది. ఊరుకోమంటే ఊరుకోదు.

లోపల ఆ చప్పుడు గడియారమేనా? మూత తిప్పుకుంటోందా? పిలవకు, పిలవకు. రావాలనుకుంటే తనే వస్తుందిలే.

నీ కూతురికి గడియారం అని పేరు పెట్టింది నేనే కదూ. ఆదివారం మూడున్నర కాగానే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుందని నువ్వే చెప్పావు. నాలుగు కొట్టేసరికి మన గది తలుపు తోసేది. వానొచ్చినా అంతే, జ్వరమొచ్చినా అంతే. పద్నాలుగేళ్ళ పిల్ల, నోట్లో ఉన్నవి ఐదారు మాటలు. కానీ ఆదివారం మాత్రం తప్పదు.

అందుకే వచ్చాను. డొంకతిరుగుడెందుకు, ఈ ఆదివారం దాన్ని తీసుకుని మళ్ళీ మన గదికి రా. మూడు వారాలైంది. ఏంటి, అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నావు? పూర్తిగా వినవా?

నీకు నా మీద కోపం. ఉండనీ. కానీ ఆ గది కోసం నేనెంత తిరిగానో నీకూ తెలుసు. గ్రంథాలయంలో పేపర్లు చదివే హాలు వెనక, కాళ్ళు విరిగిన కుర్చీలు పడేసుకునే గది అది. బూజు దులిపింది ఎవరు? ట్యూబులైటు గుయ్యిమంటుంటే మా చిలక చెవులు మూసుకుంటున్నాడని దాన్ని పీకించి మామూలు బల్బు పెట్టించింది ఎవరు? ఎవరితోనూ పడని పిల్లలు కాసేపు దాక్కోడానికి మూలన పాత దుప్పట్లతో గుడారం కట్టింది ఎవరు? చెప్పుకోవడం కాదు. చెప్పుకోవడమే అనుకో.

నవ్వొస్తే నవ్వచ్చు, తప్పులేదు. పదేళ్ళొచ్చినా ఒక్క మాట రాని వాడికి చిలక అని పేరు పెట్టింది వాళ్ళ నాయనమ్మ. ఊయల్లో ఉన్నప్పుడు ముక్కు చూసి పెట్టిందట. ఆవిడ చల్లగా పోయింది, ఆ పేరు నా ప్రాణానికి మిగిలింది.

మన పద్ధతి గుర్తుందా? ఆ గదిలో పిల్లల గురించి ఎవరు 'సారీ' అన్నా ఆ పూట టీ కప్పులన్నీ వాళ్ళే కడగాలి. మొదటి రోజు నువ్వు ఎన్నిసార్లన్నావో తెలుసా, పదకొండు. పిల్ల అరిచిందని సారీ, కుర్చీ ఎక్కిందని సారీ, పక్కావిడ జడ పట్టుకుందని సారీ. ఆఖరికి కప్పులు కడుగుతూ నీళ్ళు చిందాయని కూడా సారీ అన్నావు. ఆ రోజు మేమందరం ఎంత నవ్వామో. నువ్వూ నవ్వావు. లిఫ్టులో, పార్కులో, డాక్టరు దగ్గర వరసలో, ఎక్కడికెళ్ళినా దండాలు పెట్టుకుంటూ తిరిగేవాళ్ళం మనం. అక్కడొక్కచోట అక్కర్లేకుండా పోయింది.

మావాడి స్కూల్లో ఆ పెద్ద టీచరు కథ మీ అందరికీ వందసార్లు చెప్పుంటాను. తనిఖీకి పెద్దవాళ్ళొస్తున్నారమ్మా, రేపొక్కరోజు బాబుని ఇంట్లో ఉంచుకోండి, మీకూ విశ్రాంతిగా ఉంటుంది అంది. నాకు విశ్రాంతట. స్కూలు గేటు ముందే కడిగి పారేశాను. పెద్దవాళ్ళు చూడకూడని పిల్లాడా నా కొడుకు, మీ ఇంట్లో చుట్టాలొస్తే పిల్లల్ని అటకెక్కిస్తారా అని అడిగాను. మీరంతా విని చప్పట్లు కొట్టారు. నువ్వైతే కళ్ళు తుడుచుకున్నావు.

మరి అదే నోటితో నీకు ఫోన్ చేశాను కదా ఆ శనివారం. గదికి సున్నం వేస్తున్నారు, ఈ వారం లేదు అన్నాను. సున్నం లేదు, సుద్దా లేదు. గ్రంథాలయం కమిటీ పెద్దాయన చూడ్డానికి వస్తున్నాడు. గది మనకే వదిలెయ్యాలా, సంగీతం క్లాసు వాళ్ళకివ్వాలా అన్నది ఆయన చేతిలో ఉంది. అంతకుముందు వారమే నీ కూతురు కుర్చీ విసిరి నోటీసు బోర్డు అద్దం పగలగొట్టింది. నాకు భయమేసింది. ఏడుగురు పిల్లల కోసం ఒక్కదాన్ని ఒక్క పూట ఆపితే కొంప మునుగుతుందా అనుకున్నాను. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి? చెప్పు.

చెప్పకు. నువ్వలా చెయ్యవని నాకు తెలుసు.

అసలు నా తెలివి తెల్లారినట్టే ఉంది. నీకంటే అబద్ధం చెప్పాను, దానికెలా చెప్తాను? బ్రష్షు రంగు మారితే మూడు రోజులు పళ్ళు తోమనివ్వని పిల్లాడితో పదేళ్ళుగా వేగుతున్నదాన్ని. నేను పోయి పోయి ఆదివారాన్ని రద్దు చెయ్యగలననుకున్నాను. ఊళ్ళోవాళ్ళు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. నాకేం రోగం?

వచ్చారు కదా మీరు. నాలుగింటికి. అది నిన్ను లాక్కొచ్చి ఉంటుంది.

లేదు, నేను సరిగ్గా చూడలేదు. ఆ హడావుడిలో ఉన్నాను. పెద్దాయనకి కుర్చీ వెయ్యడం, మంచినీళ్ళివ్వడం. అద్దాల తలుపు గడియ వేసే ఉంది. ఎవరో వచ్చినట్టు అనిపించింది, అంతే.

కర్టెనా? ఎండ పడుతోందని ఎవరో లాగుంటారు. నాకెలా తెలుస్తుంది? అలా చూడకు. సూదిలో దారం పోయింది చూడు, ముందది ఎక్కించుకో.

గది ఇచ్చారులే. ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది. కాయితం మీద రాసి ఇచ్చారు. పిల్లలు చాలా బుద్ధిగా ఉన్నారమ్మా, ఇలా ఉంటే మాకేం ఇబ్బంది లేదు అన్నాడాయన. కాయితంలో కింద ఇంకో ముక్క ఉంది. చదువుకునేవారికి శబ్దం వల్ల అసౌకర్యం కలిగితే అనుమతి రద్దవుతుందట. ఆ రోజు ఆనందంలో ఎవరు చదివారు? కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇప్పుడెలా ఉందో తెలుసా మన గది? తల్లులందరం పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చుంటున్నాం. ఒకావిడ పిల్లాడి కాళ్ళకి చప్పుడు రాకుండా రెండు జతల మేజోళ్ళు తొడిగి తీసుకొస్తోంది. కవలల తల్లి రెండు వారాలకే మానేసింది. హాల్లో ఎవడో ముసలాయన దగ్గితే కూడా మనవాళ్ళనుకుని ఉలిక్కిపడుతున్నాం. బయట ఉన్న స్కూళ్ళు చాలక నేనే ఇంకో స్కూలు పెట్టాను, దానికి పెద్ద టీచర్నీ నేనే.

మొన్న ఆదివారం మావాడు పాట మొదలెట్టాడు. నీకు తెలుసుగా, పాటంటే పాట కాదు, ఊఁ అని ఒకే రాగం. వాడు హాయిగా ఉన్నప్పుడే అంటాడది. వాడి ఒంట్లో ప్రాణం కుదురుగా ఉందని నాకు తెలిసేది దాంతోనే. అవతల పేపరు మడిచిన చప్పుడైంది. నేను గబుక్కున వెళ్ళి వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. పదేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. వాడు గింజుకోలేదు. మెల్లిగా నా చెయ్యి తీసేసి, తన చేత్తో తనే మూసుకున్నాడు. ఇంటికొచ్చేదాకా తియ్యలేదు. నాలుగు రోజులైంది, వాడు మళ్ళీ ఆ రాగం తియ్యలేదు.

నువ్వు మిషన్ ఆపావు. ఆపకు. ఆ చప్పుడుంటేనే నయం.

గ్రంథాలయం వాచ్‌మన్ ఒక మాట చెప్పాడు. ప్రతి ఆదివారం నాలుగింటికి నువ్వూ అదీ రోడ్డుకి అవతల వైపు వచ్చి నిలబడుతున్నారట. గది మూసే గంట కొట్టేదాకా ఉండి వెళ్ళిపోతున్నారట. నిజమేనా? మరి లోపలికి రావచ్చుగా? తలుపు బాదొచ్చుగా? నలుగురిలో నన్ను నిలదియ్యొచ్చుగా? ఏం మనిషివమ్మా నువ్వు. నేనైతే గ్రంథాలయం పైకప్పు లేచిపోయేలా అరిచేదాన్ని. ఒక్క తిట్టు తిట్టు. నీకు తిట్టడం రాకపోతే నేను నేర్పుతాను.

రావాలి నువ్వు. అది అరవాలి, కుర్చీ విసరాలి, ఆ కమిటీ వాళ్ళు కాయితం వెనక్కి తీసుకుంటే తీసుకోవాలి. ఏ చెట్టు కిందో, నీ మిషన్ పక్కనో కూర్చుంటాం. మన తల్లులందరికీ ఇవాళ పొద్దున్నే చెప్పేశాను. సున్నం సంగతి చెప్పాను. ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు. మిగతావాళ్ళు నిన్ను రమ్మన్నారు.

అన్నీ చెప్పావా అంటావా?

ఆ చూపేంటి? నువ్వు తలుపవతల ఉన్నావు. గడియ వేసి ఉంది. నీకేం వినబడి ఉండదు.

వినబడిందా?

చూశాను. చూడలేదన్నది అబద్ధం. గడియారం రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, నుదురు కూడా ఆనించి నిలబడింది. అరుస్తుందేమో, అద్దం బాదుతుందేమో అనుకున్నాను. అది కిక్కురుమనలేదు. మన ఎనిమిది మంది పిల్లల్లోకీ, అంటే దాంతో కలిపి ఎనిమిది, అదే నిమ్మళంగా ఉంది ఆ రోజు. నన్ను వెతుక్కుని చూసింది, చూసి నవ్వింది.

పెద్దాయన అటు తిరిగి, ఆ పిల్ల ఎవరమ్మా, మీ పిల్లల్లోదేనా అని అడిగాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు, ఊరికే అడిగాడు. అవునండీ అంటే ఏమనేవాడో, రమ్మనమనేవాడేమో కూడా.

కాదండీ అన్నాను. వాళ్ళెవరో మాకు తెలీదు అన్నాను. అని నేనే వెళ్ళి, దాని మొహం మీదికి కర్టెన్ లాగాను.

ఆయన పిల్లలు ఏడుగురు అని రాసుకుని కాయితం నా ముందుకి తోశాడు. పేర్లు సరిచూసుకుని సంతకం పెట్టమన్నాడు. సరిచూశాను, పెట్టాను.

ఏ మొహం పెట్టుకుని ఆదివారం రమ్మంటున్నావంటావా? ఈ మొహమే. వేరేది లేదు నాకు.