జవాబుకు దారి చూపిన మెరిన్ టోల్‌హర్స్ట్ గారు

1989 ఫిబ్రవరి ఆరవ తేదీన శ్రీమతి మెరిన్ టోల్‌హర్స్ట్ గారు హోబార్ట్‌లోని మా గ్రంథాలయ సంస్థలో సాంకేతిక సహాయకురాలిగా ప్రవేశించిన నాటికి, సాంకేతిక విభాగమంటే ఒక ఇరుకు గది, రెండు కంప్యూటర్లు, వాన వస్తే కారే పైకప్పు మాత్రమే. మా ద్వీపంలోని శాఖా గ్రంథాలయాలన్నింటినీ ఒక్క కంప్యూటర్ వలలోకి తెచ్చే బృహత్కార్యాన్ని తలకెత్తుకుని, అనతికాలంలోనే పర్యవేక్షకురాలై, అనంతరం విభాగాధిపతిగా పదోన్నతి పొందినప్పటికీ, యంత్రాన్ని ముట్టుకునే ముందు మనిషి గోడు పూర్తిగా వినే అలవాటును వారు ఏనాడూ విడిచిపెట్టలేదు. "మీటలు తర్వాత నొక్కుదురుగాని, ముందు టీ తాగుతూ ఏం జరిగిందో చెప్పండి" అనేవారు. తొందరపడ్డవారికి రెండో కప్పు కూడా తప్పేది కాదు.

మా సహోద్యోగి గ్రాహమ్ పాస్కో గారి ఇంట జరిగిన ఉదంతం ఇందుకు నిదర్శనం. వారి కుమార్తె ఐలా ఆ శీతకాలం అంటార్కిటికా స్థావరంలో విధుల్లో ఉంది. అదొక ఆదివారం, గ్రాహమ్ గారి తల్లి ఎడ్నా గారికి మర్నాడే గుండె ఆపరేషన్. చెవులు వినపడని ఆమె పెదవుల కదలికను బట్టి మాట గ్రహిస్తారు గనుక ఫోను పనికిరాదు, మనవరాలి ముఖం తెరపై కనిపించాలి. సరిగ్గా ఆ ఆదివారమే, గ్రాహమ్ గారు లినక్స్‌తో స్వహస్తాలతో అమర్చుకున్న ఫైర్‌వాల్, అంటే ఇంటి ఇంటర్నెట్‌కు కాపలా కాసే కంప్యూటర్, వెనుక ఇల్లంతా మూగబోయింది. కబురందుకుని మెరిన్ గారు వచ్చారు.

"బాగున్నదాన్ని బాగుచేశాడమ్మాయ్ వీడు!" అన్నారు ఎడ్నా గారు, మెరిన్ గారి ముందుకు ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన 'స్కాలప్ పై' ముక్క తోస్తూ.

"పాత నెట్‌వర్క్ కార్డు పాడైందని కొత్తది వేశానంతేనే అమ్మా!" అని గింజుకున్నారు గ్రాహమ్ గారు.

మెరిన్ గారు టీ ముగించి, ఇంటి నుంచి ఇంటర్నెట్‌లోకి సమాచారం పోయే దారిని తెరపై కాసేపు గమనించారు. "చూడు గ్రాహమ్, కబుర్లు పోతూనే ఉన్నాయి. కానీ పంపినవారి చిరునామా దగ్గర ఇంటి లోపలి నంబరే ఉంది. 'వంటింటి నుంచి' అని రాసి ఉత్తరం వేస్తే జవాబు ఎక్కడికొస్తుందయ్యా?"

లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చమన్న ఆజ్ఞ నిక్షేపంగానే ఉంది, కాకపోతే తీసిపారేసిన కార్డు పేరు మీద ఉంది. కొత్త కార్డుకు యంత్రం కొత్త పేరు పెట్టుకుంది.

"ఇంట్లో లేనివాడికి పని చెప్పి కూర్చున్నావు!" అని నవ్వి, వారు ఆ ఒక్క పేరూ మార్చి, యంత్రాన్ని ఆపి మళ్లీ వేసినా చెరగకుండా భద్రపరిచారు.

"నానమ్మా, కనిపిస్తున్నానా?" అని తెర మీంచి పలకరించింది ఐలా.

ఎడ్నా గారు చాలాసేపు ఆ పెదవులనే చూశారు. "చిక్కిపోయావే తల్లీ" అన్నారు. మెరిన్ గారు టీ కప్పులు కడిగే మిషతో వంటింట్లోకి తప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.

ఆపరేషన్ తర్వాత ఎడ్నా గారు ఇల్లు చేరలేదు. నానమ్మ మాటల్లో ఐలాకు చివరగా దక్కినవి ఆ మధ్యాహ్నం మాటలే.

నేడు పదవీ విరమణ చేస్తున్న మెరిన్ గారు భర్త రాస్ గారితో, తమ ఆపిల్ తోట నీడలో సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాము. సోమవారం నుంచి వారి గది తలుపు మీద మరొకరి పేరు ఉంటుంది. ఇక్కడ లేనివారికి పని చెప్పకూడదని నేర్పింది వారే. అయినా ఏ శాఖ మూగబోయినా మా నోట ముందు వచ్చేది "మెరిన్!" అన్న పిలుపే. ఆ పొరపాటును దిద్దుకునే ఉద్దేశం మాలో ఎవరికీ లేదు.