తాత ఇనుము

అలా గోడవైపు తిరిగిపోతే ఎలా అయ్యా? నేను మాట్లాడుతున్నది నీతోనే కదా. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? చెల్లి రేవుకి పోయింది, అందరి దోనెలూ చూసొస్తానని. పోనీ, చూసి రానీ. నాకు మాత్రం కాళ్ళు రాలేదు.

ఇటు తిరుగు. ఆ, మెల్లిగా. కుడి చెయ్యి నేను పట్టుకుంటాను, నువ్వు ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకో. అంతే. రెండు గుక్కలు గంజి తాగు. మూతి పక్కనించి కారితే కారనీ, తుడుస్తాను.

ఆ గోల వినిపిస్తోందా? కొల్లేట్లోకి బుడమేరు నీళ్ళొచ్చేశాయట. రేపు పొద్దున్నే పెద్దలు రేవులో నిలబడతారు. ఎవరి దోనె వాళ్ళు నీళ్ళ మీద నిలబెడితే, ఎవరి చేపల మావులు ఎక్కడ వేసుకోవాలో చెబుతారు. దోనె లేని ఇంటికి కొల్లేట్లో చోటు లేదు. నీకు నేను చెప్పాలా ఈ మాట? తాతనాటినించీ ఆ తుంగదిబ్బ పక్కన మన చోటు. మన మావుల్లో పడినన్ని కొర్రమీనులు ఇంకెవరి మావుల్లోనూ పడవని నువ్వే కదా చెప్పేవాడివి.

రేపటినించీ అది ఎవరిదో.

ఎవరిదో ఏమిటిలే, గంగరాజు మామది. మన పక్క చోటు ఆయనదేగా. కాస్త ఇటు జరుగుతాడు, సరిపోతుంది.

అలా చూడకు. నిన్న పెరట్లో ఆ చప్పుడు నువ్వూ విన్నావు. విన్నప్పటినించీ గోడనే చూస్తున్నావు. నేను చెప్పకపోయినా నీకు తెలుసు. కానీ చెప్పాలి కదా. నోరున్నవాణ్ణి నేనే అయ్యాను.

అసలు ఆ ఇనుము మన కళ్ళ ముందే ఉంది చూడు, అదీ నాకు నవ్వొచ్చే సంగతి. చెల్లి దాన్ని కోళ్ళగంప మీద బరువుకి పెట్టేది. పోయిన వానాకాలం నువ్వు పక్షవాతం వచ్చి పడ్డావు, ఆ చలికాలం మన పాత దోనె అడుగు పుచ్చిపోయింది. తాటిమొదలు తొలిచి తాత చెక్కిన దోనె, ఎన్నాళ్ళని ఉంటుంది? ఇంక ఏం చెయ్యాలా అని పెరట్లో కూర్చుని కోళ్ళగంపని చూస్తుంటే, ఇదేమిటి, ఇది వట్టి ఇనుప ముక్క కాదే అనిపించింది. బెత్తెడు వెడల్పు, పిల్లి గోరులా లోపలికి వంపు, వెనకాల కర్ర దూర్చడానికి కంత. కంత నిండా మట్టీ తుప్పూ. అంచు చూస్తే నా వేలి మందం ఉంది. దీంతో ఏం తెగుతుంది, వంకాయ కూడా తెగదు అనుకున్నాను.

నిన్ను అడిగితే నీకు నోరు రాదు. "తాతదా?" అంటే తల ఊపావు. "దేనికి?" అంటే ఏదో శబ్దం చేశావు. దానికో పేరుండే ఉంటుంది అయ్యా. ఆ పేరు కూడా నీ నోట్లోనే ఉండిపోయింది.

ఎన్ని చోట్లకి తిప్పాననుకున్నావు దాన్ని? గూడెం సంతకి ఎండుచేపలతోపాటు పట్టుకెళ్ళాను. అక్కడ వడ్రంగి తిప్పి చూసి, "కొబ్బరి పీచు తీసేదబ్బాయ్" అన్నాడు. పక్కనున్నాయన, "కాదు, ఎద్దు గిట్టలు చెక్కేది, మా మామ దగ్గరుండేది" అన్నాడు. ఇద్దరూ దాని మీద తగువులాడుకున్నారు, నన్ను మర్చిపోయారు. ఏలూరులో తివాచీలు నేసే ఒక ముసలాయన, "మాది కాదు నాయనా, మా పనిముట్లకి పళ్ళుంటాయి" అన్నాడు. తిరిగొస్తుంటే స్టేషను దగ్గర పోలీసాయన ఆపి, "ఎవణ్ణి పొడవడానికిరా ఇది?" అన్నాడు. "ఎవణ్ణీ పొడవడానికి కాదండి, దీంతో ఏమీ తెగదండి" అంటే నవ్వి పంపేశాడు.

ఆఖరికి ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఆ రోజు గుర్తుందా నీకు? పాత దోనెని పొయ్యిలోకి కొట్టేద్దామని బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా తిప్పాను. ఇనుము చేతిలోనే ఉంది. ఊరికే దాన్ని దోనె కడుపులో ఆనించాను. సరిగ్గా సరిపోయింది అయ్యా. ఆ వంపూ ఈ వంపూ ఒకటే. ఈ కొసనించి ఆ కొసకి లాగితే నున్నగా జారిపోయింది, ఎక్కడా పట్టుకోలేదు. నమ్మకం చాలక దారం పెట్టి రెండు వంపులూ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ దారం పట్టుకుని పరిగెత్తుకొచ్చి నీకు చూపించాను. "తాత దీంతోనే దోనెలు చెక్కాడయ్యా" అన్నాను. నీకు ఒక కంట్లోనించే నీళ్ళొచ్చాయి. రెండో కంటికి అదీ చేతకాదు కదా.

 

ఇంకో గుక్క తాగు. వద్దా? సరే, ఇక్కడ పెడతాను.

ఇంక నన్ను పట్టుకునేవాడెవడు? మన ఊళ్ళో దోనె చెక్కిన చెయ్యి తాతతోనే ఆఖరు. ఇప్పుడందరూ ఎక్కడెక్కడినించో తెచ్చుకుంటున్నారు. నేనే చెక్కితే? ముందు మనకొకటి. ఆ తరవాత ఎండాకాలంలో కొల్లేరు ఎండినన్నాళ్ళూ ఊరికి ఒకటి చొప్పున చెక్కినా ఎన్ని అవుతాయో మనసులో లెక్కేసుకుంటూ నిద్ర కూడా పోలేదు నేను. దానికి తోడు ఆ చెట్టు దొరికింది. గణపవరం దగ్గర సుబ్బరాజు గారి చేలో, గాలివానకి వాలిపోయిన తాటిచెట్టు. మొదలు చూస్తే ఏనుగు కాలే. నేను దణ్ణం పెట్టి అడిగితే ఆయన ఏమన్నారో తెలుసా? "మీ తాత మా నాన్నగారికి చెక్కిచ్చిన దోనెలోనే ఇప్పటికీ ముంపులో నారు మోస్తున్నాం. సూర్రావు కొడుకువి కదూ, తీసుకుపో. కానీ ఇలాంటి మొదలున్న చెట్టు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదురా అబ్బాయ్, జాగ్రత్త" అన్నారు. "అలాగేనండి" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో.

దుంగని కాలవలో తేల్చుకుంటూ తెచ్చాం. ఊళ్ళో పిల్లలంతా దాని మీద ఎక్కి కూర్చున్నారు. నిన్ను మంచంతో సహా మోసుకొచ్చి పెరట్లో వేస్తే, ఎడం అరచెయ్యి దాని మీద వేసి అలా ఉండిపోయావు. తియ్యమన్నా తియ్యలేదు.

ఇనుముని కిరసనాయిల్లో నానబెట్టాను. ఇటికపొడితో, కొబ్బరిపీచుతో తోమాను. తుప్పు పోయి లోపల నల్లటి ఇనుము తేలింది, ఎంత బాగుందనుకున్నావు. తుమ్మకర్ర కోసి, ఎండబెట్టి, పిడి వేశాను. నీ చేతిలో పెడితే పిడి పొడుగు చూసి తల ఊపావు. అన్నీ నిన్ను అడిగే చేశాను, అవునా కాదా? ప్రతిదీ.

మిగిలింది అంచే.

అంచు అరిగిపోయిందనుకున్నాను. మరి ఎవరైనా అదే అనుకుంటారు కదా? ఏలూరు కాలవగట్టు మీద కమ్మరాయన కూడా అదే అన్నాడు. "ఎవరు వాడారో గానీ పదునంతా చచ్చిపోయింది. కాల్చి సాగదీసి ఇస్తాను, వెంట్రుక వేస్తే తెగాలి" అన్నాడు. తెగింది కూడా. నా తలలోంచే ఒకటి పీకి వేసి చూపించాడు. ఆయన తప్పేం లేదు. పనిముట్టు ఇస్తే పదును పెట్టాడు.

నేను ఏలూరు వెళ్ళేముందు నిన్ను అడిగాను. "పదును పెట్టించుకొస్తానయ్యా" అన్నాను. నువ్వు మంచం మీదనించే చెయ్యి ఇలా ముందుకీ వెనక్కీ ఊపావు. కానియ్ అన్నట్టే ఉంది. రాయి మీద నూరినట్టే ఉంది. అంతేగా జరిగింది.

సరే విను. మధ్యలో మెత్తటి బెండంతా, అడిగి తెచ్చుకున్న వడ్రంగి బాడితతో తీసేశాను. ఆఖరి పొర, బయటివైపు గట్టి చేవకి అంటుకునుండే పొర, దానికే కదా తాత ఇనుము. దుంగలోపల కూర్చుని లాగడం మొదలెట్టాను. అబ్బ, వెన్న తీసినట్టు వచ్చింది. చెల్లి వచ్చి చూసి, "అన్నయ్యా, తాతే వచ్చి కూర్చున్నట్టుంది" అంది. నాకు గర్వం. ఇంకా లాగాను. తెల్లటి పీచు పోయి నల్లటి ఈనెలు రావడం మొదలైంది. నల్లటివంటే చేవ. అక్కడ ఆగాలి. నాకేం తెలుసు, ఇనుము ఆగలేదు, అది ఆగనంతసేపూ నేనూ ఆగలేదు. ఇంకొంచెం పలచన చేస్తే ఇంకొంచెం తేలిగ్గా తేలుతుంది అనుకుంటూనే ఉన్నాను.

ఉన్నట్టుండి నా మోకాలి మీద ఎండ పడింది.

పక్కకి చూస్తే అరచెయ్యంత కంత. అందులోంచి మన కోళ్ళగంప కనబడుతోంది.

గంగరాజు మామ దడి మీదనించి తొంగి చూసి, "ఏరా సత్తీ, దోనెకి కిటికీ పెట్టావా? చేపలకి గాలాడక్కర్లేదురా" అన్నాడు. పోనీ పాపం, ఆయనే మళ్ళీ నలుగుర్ని పిలిచాడు. కిరసనాయిలు డబ్బా రేకు కొట్టి తారు పూస్తే ఈ ఏడాది గడుస్తుందన్నాడు. రేకు కొట్టాలంటే దాన్ని బోర్లించాలి. నలుగురం పట్టి తిప్పాం. ఎక్కడెక్కడ పలచబడిందో ఎవరికి తెలుసు? కంత దగ్గర మొదలైన నెర్రె ఈ కొసనించి ఆ కొసదాకా, నారవెంట, ఒక్కసారిగా చీలిపోయింది. నువ్వు విన్నది అదే.

మామ తలగుడ్డ తీసి మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏంటయ్యా? ఏం కావాలి? నీళ్ళా? ఇనుమా? అదెందుకు ఇప్పుడు? కాదా? మరి చెయ్యి ఎందుకు పట్టుకున్నావు?

వదులు. గోరు దిగుతోంది.

ఆగు.

మళ్ళీ లాగు. ఏదీ, మోచేతినించి మళ్ళీ లాగు.

నీ గోరు కండ మీద దిగింది. మణికట్టు ఎముక తగలగానే దాని మీదనించి జారిపోయింది.

ఇదా?

మెత్తగా ఉన్నచోట దిగాలి. గట్టిది తగిలితే తనంతట తనే జారిపోవాలి. అందుకా తాత దాని అంచు అంత మొద్దుగా ఉంచాడు? చేవ ఎక్కడుందో లోపల కూర్చున్నవాడికి కనబడదని, ఇనుమే చూసుకోవాలని. పాత దోనెలో నున్నగా జారినప్పుడే నాకు తెలియాల్సింది. కొలతలు కొలిచాను కానీ, ఎందుకు జారిందని ఒక్కసారి అనుకోలేదు.

దానికేముంది, మళ్ళీ మొద్దు చెయ్యొచ్చు. ఆ చప్టా మీద ఒక పూట అరగదీస్తే సరి. ఎప్పటిలా అయిపోతుంది, తాత వదిలిపెట్టినట్టే.

చెట్టేదీ?

సుబ్బరాజు గారి మొహం ఎలా చూడను అయ్యా?

నాదొక్కటే మాట. నేను ఏలూరు వెళ్ళిన రోజే ఇలా చెయ్యి పట్టుకుని చూపించి ఉంటే ఇంతదాకా వచ్చేదా? మంచం మీదనించి చెయ్యి ఊపితే నాకేం అర్థమవుతుంది? నువ్వు చూపించలేదు కాబట్టే కదా నేను...

అలా చూడకు.

సరే. ఆ రోజూ పట్టుకున్నావు.

నేను మంచం దగ్గర వంగాను. ముంజేయి పట్టుకున్నావు. గోరు పెట్టి లాగావు, గీరుకుంది కూడా. బయట ఏలూరు వెళ్ళే బండి కదులుతోంది, తోలేవాడు కేకేస్తున్నాడు. "సరేలే అయ్యా, తొందరగా వచ్చేస్తాను" అని విదిలించుకుని పరిగెత్తాను. నీ చెయ్యి మంచం పట్టెకి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు వినబడింది. వెనక్కి చూళ్ళేదు. అప్పటికే నేను మనసులో మూడో దోనె చెక్కుతున్నాను.

ఇదుగో, చెల్లి వస్తోంది. దానికి ఈ మాట చెప్పకు. అదేలే, నువ్వెలాగూ చెప్పవు.

గంగరాజు మామ రేపు నన్ను తన దోనెలోకి రమ్మన్నాడు. గడ పట్టుకోవడానికి కాదులే. గడ వాళ్ళబ్బాయి పడతాడట. నన్ను వెనకాల కూర్చుని నీళ్ళు తోడమన్నాడు. వాళ్ళ దోనె ఎక్కడా కారదు, అయినా కొత్తవాణ్ణి అక్కడే కూర్చోబెడతారట.