పాప్‌కార్న్‌లో పాలపొడి

"మళ్ళీ పాలపొడి కలిపావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"కరిగిన వెన్నలో ఒక్క చెంచానేనండీ. మెతుకు ముట్టని పిల్ల, ఇదొక్కటే తింటోంది. ఒంట్లోకి ఏదో ఒకటి పోవద్దూ?"

"కనిపెట్టేసింది. గిన్నె నా చేతిలో పెట్టి, 'ఇందులోనూ మోసమేనా నాన్నా?' అంది."

మూత కింద గింజలు ఇంకా పేలుతున్నాయి. ఆమె స్టవ్ ఆర్పేసింది.

"పోనీ, ఈసారి ఏమీ కలపకుండా పంచదార పాకం పట్టి..."

"పాకమా, కారమా అని కాదే. పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది."

"ఆస్పత్రి మాటెత్తితే గడియ పెట్టుకుంటుందని భయమండీ."

"నాకూ భయమే."

ఆమె కళ్ళు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది. అత్తగారు, కొడుకు, మూల కుర్చీలో ముడుచుకున్న కూతురు తలెత్తి చూశారు.

"రేపు పొద్దున అమ్మాయిని ఆస్పత్రిలో చేరుస్తున్నాం," అంది మెల్లగా. కూతురి వైపు తిరిగింది. "నీకు చెప్పే తీసుకెళ్తున్నాం."